కొత్త వంగడం ఎంచుకునే ముందు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

విత్తనాల కొనుగోలు మొదలయ్యే ఈ రోజుల్లో మాకు అందిన ఉత్తరాల్లో చాలావరకు కొత్త వంగడాల గురించినవే. వాటిలో ఎక్కువమందికి ఉపయోగపడేవాటిని ఎంచి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ఉత్తరాలు దీర్ఘంగా ఉన్నందున సారాంశాన్ని మాత్రమే ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: మాది సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ ప్రాంతం. ఐదెకరాల్లో ఏళ్ల తరబడి సాంబ మసూరి వేస్తున్నాను. ఎండు తెగులు, దోమపోటు వల్ల మందుల ఖర్చు పెరిగిపోతోంది. సాంబ మసూరి కన్నా ఎకరాకు పది బస్తాలు ఎక్కువ పండే సన్నరకం వచ్చిందని విత్తనాల దుకాణంలో చెబుతున్నారు. పొలమంతా దానికి మార్చవచ్చా?

సమాధానం: పొలమంతా ఒకే పంటకాలంలో మార్చవద్దు. పది బస్తాలు ఎక్కువ అన్న మాట ఎవరి పొలంలో, ఏ నేలలో, ఏ నెలలో నాటితే, ఎంత ఎరువు వేస్తే వచ్చిందో తెలియనంతవరకు దాన్ని ఆధారంగా తీసుకోవడానికి వీల్లేదు. పాత రకాన్ని ఎందుకు వదలాలనుకుంటున్నారో ముందుగా ఒక కాగితం మీద రాసుకోండి. మీ ఉత్తరం ప్రకారం కారణాలు రెండు: బాక్టీరియా ఎండు తెగులు, దోమపోటును తెచ్చే సుడిదోమ. అందువల్ల కొత్త రకం గురించి దుకాణంలో మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఎన్ని బస్తాలు పండుతుందని కాదు, ఈ రెండింటిలో దేన్ని తట్టుకుంటుందని. దానికి స్పష్టమైన జవాబు రాకపోతే ఆ రకం మీ కష్టం తీరుస్తుందని నమ్మడానికి ఆధారం లేనట్లే.

బాపట్ల పరిశోధన స్థానం నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, అన్నం నాణ్యతలో ఇప్పటికీ అందరూ పోల్చి చూసుకునే రకం. అయితే ఎండు తెగులుకు, అగ్గి తెగులుకు, దోమపోటుకు మూడింటికీ లొంగుతుంది. మీ బాధ ప్రధానంగా ఎండు తెగులే అయితే ఆ అన్నాన్ని వదులుకోనవసరం లేదు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ కలిసి, ఎండు తెగులును అడ్డుకునే మూడు జన్యువులను సాధారణ సంకర పద్ధతిలోనే సాంబ మసూరిలోకి తెచ్చి, ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో 2008లో విడుదల చేశాయి. గింజ, అన్నం పాత రకాన్నే పోలి ఉంటాయి, పంట వారం పది రోజులు ముందే కోతకు వస్తుంది. కాని అది ఎండు తెగులు కోసం తయారైన రకం. సుడిదోమ విషయంలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. దోమపోటుకు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల చొప్పున కాలిబాటలు వదలడం, యూరియాను తగ్గించి దఫాలుగా వేయడం, మధ్యమధ్య మడిలో నీరు తీసి ఆరబెట్టడం ఏ రకం వేసినా తప్పనివి.

మీరు ఉత్తరంలో రాయని సంగతి ఒకటి ఉంది. అది కాలువ నీరు ఎప్పుడు వస్తుందన్నది. సాంబ మసూరి దాదాపు 150 రోజుల పంట. నీటి విడుదల ఆలస్యమై ఆగస్టులో నాట్లు పడితే పూత, గింజ పాలుపోసుకునే దశ చలిలోకి జారి, తాలు పెరుగుతుంది, యాసంగి నాట్లు కూడా వెనకబడతాయి. మీ కాలువకు ఇది తరచు జరిగే పనే అయితే, తెగుళ్ల కన్నా ముందు పంటకాలాన్ని చూసి రకం ఎంచుకోవాలి. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోన, అంటే ఆర్ఎన్ఆర్ 15048, సుమారు 125 రోజులకే కోతకు వస్తుంది, అగ్గి తెగులును తట్టుకుంటుంది, గింజ చాలా సన్నం. నత్రజని ఎక్కువైతే మాత్రం చేను పడిపోతుంది. సాంబ మసూరికి అలవాటుపడిన చేత్తో యూరియా వేసి, పడిపోయిందని రకాన్ని నిందించిన రైతులను చూశాం. రకం మారినప్పుడు ఎరువుల మోతాదు కూడా మారుతుందన్న మాట మీకు విత్తనం అమ్మేవారు సాధారణంగా చెప్పరు.

తరువాత కొనేవారి సంగతి. మిర్యాలగూడలో ఇన్ని మిల్లులు ఉండటం మీకు కలిసివచ్చే విషయం. విత్తనం కొనకముందే మీరు ఏటా ధాన్యం తోలే మిల్లుకు వెళ్లి, ఈ పేరు గల రకం గతంలో వచ్చిందా, మరపట్టిస్తే నూక ఎంత పడింది, ధర ఎంత కట్టారు అని అడగండి. ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి తోలే ఆలోచన ఉంటే, 2024 వానాకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్నాలకు క్వింటాలుకు ప్రకటించిన 500 రూపాయల బోనస్‌కు ఆ రకం అర్హమో కాదో వ్యవసాయ విస్తరణ అధికారి వద్ద ముందే తెలుసుకోండి. దుకాణంలో సన్నరకమని చెప్పిన ప్రతిదీ కేంద్రంలో సన్నరకంగా చెల్లదు.

వీలైతే ఆ రకాన్ని వేసిన పొలాన్ని మీ కళ్లతో, కోతకు వారం ముందు చూడండి. గట్టు మీద నిలబడి చూస్తే ప్రతి చేను బాగానే కనిపిస్తుంది. లోపలికి దిగి, గట్టుకు దూరంగా ఒక దుబ్బును చేత్తో విడదీసి, ఎన్ని పిలకలు కంకి వేశాయో, ఎన్ని వట్టిగా మిగిలాయో చూడండి. కంకి మెడ దగ్గర నల్లబడి విరిగి ఉంటే అది మెడవిరుపు, అంటే అగ్గి తెగులు. దుబ్బు మొదట్లో ఆకు తొడిమ మీద పాము చర్మంలాంటి మచ్చలుంటే పాముపొడ తెగులు. కంకిని పిడికిట్లో బిగించి మెల్లగా లాగితే గింజలు జలజలా రాలిపడే రకమైతే కోతయంత్రం వచ్చేలోగా నేలపాలయ్యేది మీ పంటే. నాలుగు గింజలు అరచేతిలో నలిపి పొట్టు తీసి, వెలుతురుకు పెట్టి చూడండి. బియ్యపు గింజ మధ్యలో సుద్దలాంటి తెల్ల మచ్చ ఉంటే మరలో నూక ఎక్కువ వస్తుంది. ఆ రైతుతో మాట్లాడేటప్పుడు ఎంత పండిందని కాక, మందు ఎన్నిసార్లు కొట్టావని అడగండి.

ఇన్ని చూసిన తరువాత కూడా మొదటి ఏడు అరెకరంలోనే వేయండి. ఆ అరెకరం పొలంలో మేలైన మడి కాకూడదు, మీ పొలానికి సగటు మడి కావాలి. పక్కనే పాత రకాన్ని, అదే రోజు నాటి, దానికి తగిన మోతాదులో ఎరువు వేసి పెంచండి. కోతప్పుడు రెండింటిలోనూ మడి మధ్యన ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల చదరాన్ని తాడుతో గుర్తుపెట్టి, విడిగా కోసి, నూర్చి, ఆరబెట్టి తూచండి. ఆ బరువును 162తో హెచ్చిస్తే ఎకరా దిగుబడి వస్తుంది. మీ పొలంలో మీరు తూచిన ఆ అంకెకు ఏ కరపత్రంలోని అంకె సాటిరాదు. ఒక ఏడాది వాతావరణం మోసం చేయవచ్చు కాబట్టి రెండో ఏడు ఎకరానికి పెంచి, అప్పుడు నిర్ణయించుకోండి.

రకం పేరు ముందున్న అక్షరాలు కూడా కొంత చెబుతాయి. ఎంటీయూ అంటే మారుటేరు, బీపీటీ అంటే బాపట్ల, ఎన్ఎల్ఆర్ అంటే నెల్లూరు, ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్, జేజీఎల్ అంటే జగిత్యాల, డబ్ల్యూజీఎల్ అంటే వరంగల్, కేఎన్ఎం అంటే కూనారం, ఆర్‌జీఎల్ అంటే శ్రీకాకుళం జిల్లాలోని రాగోలు. ఏ స్థానంలో ఎంపిక జరిగిందో ఆ ప్రాంతపు నేల, నీరు, పురుగు ఆ రకానికి మొదటి పరీక్ష పెట్టాయని అర్థం. ఉల్లికోడు దీనికి మంచి ఉదాహరణ. ఈ పురుగులో తెగలు ప్రాంతానికొకటిగా ఉన్నాయి. జగిత్యాల సన్నాలు, జేజీఎల్ 1798, ఉల్లికోడును తట్టుకునే రకంగా ఉత్తర తెలంగాణలో పేరు తెచ్చుకుంది. అంతమాత్రాన ఒక ప్రాంతపు తెగను తట్టుకున్న రకం వేరే తెగ ఉన్న ఉత్తరాంధ్రలోనూ తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, బంధువుల దగ్గర తెచ్చిన కొత్త రకం బాగా పండింది. ఆ ధాన్యంలోనే కొంత విత్తనానికి ఉంచి, దాళ్వా (రెండో పంట) నారుమడికి మండె కట్టాను, అంటే నానబెట్టి మొలకకు మూటగట్టాను. మూడు రోజులైనా పావు వంతు కూడా మొలకెత్తలేదు. మా వారు విత్తనమే పాడైందని అంటున్నారు. నేను మోసపోయానా అమ్మా?

సమాధానం: లేదమ్మా, విత్తనం పాడైందని అప్పుడే అనుకోవద్దు. కోసిన కొత్తలో గింజ కొంతకాలం మొలకెత్తకుండా ఉండే స్వభావాన్ని నిద్రావస్థ అంటారు. మీ బంధువులు ఇచ్చిన రకానికి ఈ గుణం గట్టిగా ఉన్నట్లుంది. నిజానికి తీర ప్రాంతాల కోసం శాస్త్రవేత్తలు కోరి ఉంచే గుణం ఇది. సార్వా కోతలు, తుపానులు మనకు ఒకే రోజుల్లో వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నీళ్లలో పడిపోయిన చేలను తలచుకుంటే ఈ గుణం విలువ తెలుస్తుంది. నిద్రావస్థ లేని రకాల్లో పడిపోయిన కంకి మీదే మొలకలు వచ్చి ధాన్యం పనికిరాకుండా పోతుంది. రెండు మూడు వారాల నిద్రావస్థ ఉన్న రకానికి నీరు తీసి, చేను ఎత్తి కట్టుకునే గడువు దొరుకుతుంది. అందువల్ల గోదావరి, కృష్ణా డెల్టాల్లో కొత్త సార్వా రకం ఎంచుకునే వారు దిగుబడి, పడిపోని స్వభావంతో పాటు నిద్రావస్థ ఎన్ని రోజులు అని తప్పక అడగాలి. చాలామంది అడగని ప్రశ్న ఇది.

ఇప్పుడు మీ దాళ్వా సంగతి. ఆ ధాన్యాన్ని నత్రికామ్లంతో (నైట్రిక్ యాసిడ్) నిద్ర లేపవచ్చు. నిద్రావస్థ తక్కువగా ఉంటే లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్లు, ఎక్కువగా ఉంటే 10 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి, ఆ ద్రావణంలో కిలో విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, మంచినీటితో బాగా కడిగి మండె కట్టాలి. మీ రకానికి పది మిల్లీలీటర్లే అవసరం కావచ్చు. ప్లాస్టిక్ పాత్ర మాత్రమే వాడండి, ఆమ్లాన్నే నీటిలో పోయాలి గాని ఆమ్లంలో నీరు పోయకూడదు, చేతులకు తొడుగులు ఉండాలి, పిల్లలు ఆ దరిదాపులకు రాకూడదు. ముందుగా ఒక గుప్పెడు గింజలతో ప్రయత్నించి, మొలక వచ్చిన తరువాతే మిగిలినది నానబెట్టండి. దీనికీ మొలవకపోతే అప్పుడు విత్తనాన్ని అనుమానించాలి.

ఇంకో మాట. సార్వాలో బాగా పండిన రకం దాళ్వాకు సరిపోతుందని అనుకోకండి. మారుటేరు నుంచి 1980ల మొదట్లో వచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, సార్వాకు సాటిలేని రకమే అయినా దీర్ఘకాలపు పంట కావడం వల్ల దాళ్వాకు పనికిరాదు. దాళ్వాకు 120 రోజుల అటూ ఇటూ ఉండే ఎంటీయూ 1010, ఎంటీయూ 1121 వంటివి వేస్తారు. మీ కొత్త రకం పంటకాలం ఎంతో రాయలేదు. 140 రోజులు దాటే రకమైతే నిద్ర లేపే శ్రమ కూడా వద్దు, దాన్ని వచ్చే సార్వాకు దాచుకుని ఇప్పుడు వేరే విత్తనం తెచ్చుకోండి. నాట్లకు ముందు కాలువ కట్టేసే తేదీ తెలుసుకోవడం మరవకండి.

వచ్చే సార్వాలో కోతకు వచ్చిన చేను పడిపోతే, నీరు తీసేసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద పిచికారీ చేస్తే మొలకెత్తడం తగ్గుతుంది.

ప్రశ్న: జగిత్యాల జిల్లా నుంచి రాస్తున్నాను. మా మామయ్య ప్రతి ఏడూ ఇంటి వడ్లే విత్తనంగా వాడతారు. నేను ఏటా సంచి కొనాలంటాను. ఎవరిది సరి? సంచి మీద రంగురంగుల చీటీలకు అర్థమేమిటి?

సమాధానం: హైబ్రిడ్ కాని సూటి రకమైతే మీ మామయ్య చేసేది తప్పు కాదు. వరి స్వపరాగ సంపర్కం జరిగే, అంటే తన పుప్పొడితోనే గింజ కట్టే పంట కాబట్టి జాగ్రత్తగా కేళీలు ఏరేసుకుంటూ మూడేళ్ల వరకు సొంత విత్తనం వాడుకోవచ్చు. విత్తనాన్ని దాచుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడం రైతు హక్కులని 2001 నాటి చట్టమే చెబుతోంది. హైబ్రిడ్ వరిని మాత్రం ఒక్క ఏడు కూడా తిరిగి వాడరాదు, పంట చెదిరిపోతుంది.

పొడవులో, పూత తేదీలో, గింజ రంగులో తేడాగా కనిపించే మొక్కలే కేళీలు. వాటిని పూత దశలోనూ, కోతకు ముందూ వేర్లతో సహా పీకి చేను బయట పడేయాలి. విత్తనానికి ఉంచే మడిని పొలం మధ్యలో ఎంచుకుని విడిగా నూర్చాలి. కోతయంత్రం అంతకుముందు వేరే రకం కోసి వచ్చినదైతే దాని లోపల మిగిలిన గింజలు మీ విత్తనంలో కలుస్తాయి కనుక మొదటి రెండు బస్తాలను తిండికి పక్కన పెట్టండి.

చీటీల సంగతి: బ్రీడరు విత్తనానికి బంగారు పసుపు, ఫౌండేషన్ విత్తనానికి తెలుపు, ధ్రువీకరించిన విత్తనానికి నీలం, కంపెనీ సొంత హామీతో అమ్మేదానికి ఆకుపచ్చ. ధ్రువీకరించిన వరి విత్తనంలో కనీసం 80 శాతం మొలక, 98 శాతం భౌతిక స్వచ్ఛత ఉండాలి. చీటీ మీద పరీక్ష తేదీ, గడువు చూసి, బిల్లు తీసుకుని, ఖాళీ సంచితో పాటు గుప్పెడు విత్తనాన్ని కోత దాకా దాచండి. ఏదైనా తేడా వస్తే నష్టపరిహారం అడగడానికి ఇవే ఆధారాలు. మీ ఇద్దరికీ సరిపోయే దారి ఒకటి చెబుతాను: మూడేళ్లకొకసారి పది కిలోల ఫౌండేషన్ విత్తనం తెచ్చి, మామయ్య చేతికే ఇచ్చి, విత్తనపు మడి వేయించండి.

ప్రశ్న: జన్యు సవరణతో సాంబ మసూరిని మార్చి కమల అనే వరి తయారు చేశారని చదివాను. ఆ విత్తనం మా ఊళ్లో ఒకరు అమ్ముతామంటున్నారు. తీసుకోవచ్చా? (గుంటూరు జిల్లా)

సమాధానం: తీసుకోవద్దు. 2025 మే నెలలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. ఒకటి సాంబ మసూరి నుంచి హైదరాబాద్ సంస్థ తయారు చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, దాని పేరే కమల. రెండోది మన ఎంటీయూ 1010 నుంచి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారు చేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1. రెండింటికీ మూలం తెలుగు నేలన పుట్టిన రకాలే కావడం మనకు గర్వకారణం. కంకికి గింజల సంఖ్య పెరగడం, పంట సుమారు 130 రోజులకే కోతకు రావడం కమల ప్రత్యేకతలుగా చెబుతున్నారు. వీటిలో బయటి జీవి నుంచి తెచ్చిన జన్యువు లేదు, మొక్కలో ఉన్న జన్యువునే సవరించారు. ప్రకటన జరిగాక కూడా బ్రీడరు విత్తనం, ఫౌండేషన్ విత్తనం, ధ్రువీకరించిన విత్తనం అనే మెట్లు దాటి రావలసి ఉంటుంది. చీటీ లేకుండా ఊళ్లో చేతులు మారే సంచిలో ఉన్నది కమలే అని చెప్పగలిగే ఆధారం ఏదీ ఉండదు. అధికారికంగా అందుబాటులోకి వచ్చాక కూడా మొదటి జవాబులో చెప్పినట్లు అరెకరంతోనే మొదలుపెట్టండి.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా, నల్లరేగడి నేల, బోరు ఉంది. యాసంగిలో శనగ బదులు రెండెకరాలు గోధుమ వేద్దామనుకుంటున్నాను. పంజాబ్‌లో పేరున్న రకాన్ని తెప్పించుకోవడం మేలా?

సమాధానం: మేలు కాదు. పంజాబ్, హర్యానాల కోసం ఎంపికైన గోధుమ రకాలు అక్కడి దీర్ఘమైన చలికాలానికి తగినవి. ఆ మైదానాల్లో 140 రోజులకు పైగా నిలిచే పంట అది. మనకు అంత చలి ఉండదు, ఫిబ్రవరి సగానికే ఎండ ముదురుతుంది. గింజ నిండే దశలో వేడి తగిలితే గింజ ముడుచుకుపోతుంది. తెగుళ్ల లెక్క కూడా వేరే. ఉత్తరాది వారిని బాధించేది చల్లని వాతావరణంలో వచ్చే పసుపు తుప్పు తెగులు. ఒకప్పుడు పంజాబ్‌ను నింపేసిన పీబీడబ్ల్యూ 343 దానికి లొంగే వెనకబడింది. దక్కనులో చూసుకోవలసినవి నల్ల తుప్పు, గోధుమరంగు తుప్పు. వీటి బీజాలు నీలగిరి, పళని కొండల మీద ఏడాది పొడవునా బతికి ఉండి గాలితో మైదానాలకు వస్తాయి. ఉత్తరాదిలో తెగులు రాని రకమన్న ధ్రువపత్రం మీ పొలంలో చెల్లకపోవడానికి ఇది ఒక కారణం.

మీరు చూడవలసింది మహారాష్ట్ర, కర్ణాటకల కోసం, అంటే ద్వీపకల్ప మండలం కోసం విడుదలైన రకాలు. పుణెలోని అగార్కర్ సంస్థ నుంచి వచ్చిన ఎంఏసీఎస్ 6222, ఎంఏసీఎస్ 6478, ధార్వాడ్ నుంచి వచ్చిన యూఏఎస్ 304 నీటి వసతి కింద సకాలంలో విత్తడానికి ఉద్దేశించినవి. నవంబరు మొదటి పక్షంలో ఎకరాకు 40 కిలోల విత్తనం వేయండి. విత్తిన 21 రోజులకు, మొక్క మొదట్లో కొత్త వేర్లు దిగే దశలో, ఒక తడి తప్పనిసరి. నీరు తక్కువగా ఉంటే మిగిలిన తడుల్లో దేన్నైనా తగ్గించవచ్చు గాని దీన్ని వదలకూడదు. పత్తి తీసేసరికి డిసెంబరు సగం దాటిపోయే పొలమైతే మాత్రం ఈ ఏడు గోధుమ ఆలోచన మానుకోండి.

ఖాప్లీ అనే పాతకాలపు గోధుమకు ఈమధ్య నగరాల్లో గిరాకీ పెరిగిందని మీరు ఉత్తరం చివర రాశారు. అది నిజమే, ధార్వాడ్ వారి డీడీకే 1029 వంటి మేలైన రకాలు కూడా ఉన్నాయి. కాని ఖాప్లీ నూర్చినా పొట్టు ఊడదు. వరిలాగా పొట్టు తీసే యంత్రం దగ్గరలో ఉందా, ఆడించిన గోధుమను ఎవరు కొంటారు అన్నవి తేలకుండా రెండెకరాల్లో దిగవద్దు. పది గుంటల్లో వేసి, వచ్చిన పంటను పొట్టు తీయించి, బరువు ఎంత తగ్గిందో తూచుకున్నాక ధర మాట్లాడుకోండి.